త్రిత్వం, లోబడటం, మా అమ్మ అడిగిన ప్రశ్న

1979లో నేను ఏడో తరగతి చదువుతున్నాను. గుంటూరు జిల్లాలో మాది లూథరన్ కుటుంబం. ఒకరోజు సాయంత్రం అమ్మ నన్ను వెంటబెట్టుకుని అయ్యగారింటికి వెళ్ళింది. మా వైపు పాస్టరు గారిని అయ్యగారనే అంటాం. ముందురోజు రాత్రి నాన్న కొట్టిన దెబ్బకి అమ్మ ఎడమ చెంప వాచి ఉంది. వరండాలో అయ్యగారు, సంఘ పెద్ద ఒకాయన, కబురంపితే వచ్చిన మా నాన్న కుర్చీల్లో కూర్చున్నారు. అమ్మ స్తంభం పట్టుకుని నిలబడింది.

అయ్యగారు చెడ్డమనిషి కాదు. నాన్నని కాస్త మందలించారు కూడా. ఆ తర్వాత అమ్మవైపు తిరిగి, "చూడమ్మా, కుమారుడు తండ్రితో సమానుడే. అయినా తండ్రికి లోబడ్డాడు. తక్కువవాడు కాబట్టి లోబడలేదు, సమానుడై ఉండి కూడా లోబడ్డాడు. నువ్వూ అలాగే నీ భర్తకి లోబడాలి. అందులో నీకేం చిన్నతనం లేదు" అన్నారు. నాన్న తలూపాడు. ప్రార్థన చేసి పంపేశారు.

దారిలో అమ్మ చాలాసేపు మాట్లాడలేదు. మా పల్లె మలుపు దగ్గర ఆగి, నన్నడిగిందో తనని తానే అడుక్కుందో గానీ, "కొడుకు లోబడ్డాడు సరే, ఆ తండ్రి కొడుకుని కొట్టాడా?" అంది.

త్రిత్వం గురించి స్త్రీవాద పత్రికలో రాయడమేమిటని అనుకునేవాళ్ళుంటారు. అది బిషప్పులూ పండితులూ తేల్చుకోవాల్సిన సంగతి, మన బతుకులకి దానితో ఏం పని అనిపించవచ్చు. నేనూ చాలాకాలం అలాగే అనుకున్నాను. కానీ ఆ సాయంత్రం అయ్యగారు అమ్మని ఇంటికి తిప్పి పంపడానికి వాడింది వరకట్న చట్టాన్నో మనుస్మృతినో కాదు, ఈ సిద్ధాంతాన్నే. కాబట్టి దాన్ని వాళ్ళకే వదిలేయడం నాకిష్టం లేదు.

సిద్ధాంతం చెప్పేదేమిటంటే, దేవుడు ఒక్కడే. అయితే ఆ ఒక్క దైవత్వం తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అనే ముగ్గురిలో ఉంది. వీళ్ళు ముగ్గురు దేవుళ్ళు కారు. ఒకే దేవుడు వేసుకున్న మూడు వేషాలూ కావు. సండే స్కూల్లో మాకు నీళ్ళు, మంచుగడ్డ, ఆవిరి అని చెప్పేవారు. మూడో శతాబ్దంలో సబెల్లియస్ పేరుతో చర్చి కొట్టిపారేసిన వాదం సరిగ్గా అదేనని నాకు ఎంతో తర్వాత తెలిసి నవ్వొచ్చింది. బయటివాళ్ళు మీ త్రిత్వం మా త్రిమూర్తుల్లాంటిదేనా అని అడుగుతుంటారు. సృష్టి ఒకరికి, స్థితి ఒకరికి, లయం ఒకరికి అని పంచిపెట్టడం ఇక్కడ లేదు. ఏం చేసినా ముగ్గురూ కలిసే చేస్తారంటుంది ఈ సిద్ధాంతం. ముగ్గురిలో ఒకరు ఎక్కువ, ఒకరు తక్కువ లేరు. నాకు ముఖ్యమనిపించేది ఈ ఆఖరి మాటే.

ఎందుకంటే ఆ మాట ఊరికే రాలేదు. అలెగ్జాండ్రియాలో ఏరియస్ అనే మతాచార్యుడు, కుమారుడు గొప్పవాడే గానీ తండ్రి చేసినవాడు, కాబట్టి తండ్రి కన్నా తక్కువవాడు అన్నాడు. వినడానికి ఎంతో సహజంగా ఉంటుంది. ఏ ఇంట్లోనైనా తండ్రి తర్వాతే కదా కొడుకు! 325లో నైసియాలో కూడిన సభ దాన్ని తోసిపుచ్చి, కుమారుడిది తండ్రి తత్వమేనంది. 381లో కాన్‌స్టాంటినోపుల్ సభ ఆ ప్రమాణాన్ని స్థిరపరచి, ఆత్మని కూడా తండ్రీ కుమారులతో పాటే ఆరాధించాలని చెప్పింది. మధ్యలో యాభై ఆరేళ్ళ కొట్లాటలు, బిషప్పుల బహిష్కారాలు. ఆ సభల్లో ఓటున్న ఆడమనిషి ఒక్కరూ లేరు. నైసియా సభని పిలిపించిందే రోమన్ చక్రవర్తి కాన్‌స్టాంటైన్. అయినా కుటుంబంలో ఎవరైనా సరే సహజమనుకునే హెచ్చుతగ్గుల్ని దేవుడి దగ్గర ఒప్పుకోం అని వాళ్ళు పట్టుబట్టారు. 2025లో నైసియాకి 1700 ఏళ్ళు నిండాయని ప్రపంచమంతా సభలు జరిగాయి. నేను విన్న ప్రసంగాల్లో ఏరియస్‌ని అందరూ తిట్టారు. ఏరియస్ ఇంట్లో మొగుడి రూపంలో కూర్చున్నాడని మాత్రం ఒక్కరూ అనలేదు.

మా అయ్యగారి వాదం ఆయన సొంతమని చిన్నప్పుడనుకున్నాను. కాదు. 1980ల నుంచి, ముఖ్యంగా 1990లలో, అమెరికాలో కొందరు ఇవాంజెలికల్ పండితులు దీన్ని పెద్ద సిద్ధాంతంగా నిలబెట్టారు. వేన్ గ్రూడెమ్ 1994లో అచ్చేసిన లావుపాటి వేదాంత గ్రంథం చాలా బైబిలు కళాశాలల్లో పాఠ్యపుస్తకం. తత్వంలో కుమారుడు తండ్రితో సమానం, పాత్రలో మాత్రం అనాదిగా, శాశ్వతంగా తండ్రి అధికారం కింద ఉంటాడు, భార్యాభర్తలదీ అదే వరస అని దాని సారాంశం. సమానమే, కానీ ఎప్పటికీ కిందే! ఈ 'సమానం' ఎలాంటిదో దళితులకి ఎవరూ విడమరచి చెప్పనక్కర్లేదు. చట్టంలో సమానం, హోటల్లో వేరే గ్లాసు.

ఆస్ట్రేలియా ఆంగ్లికన్ పండితుడు కెవిన్ గైల్స్ 2002లో దీనికి జవాబుగా ఒక పుస్తకమే రాశాడు. 2016లో అయితే, భార్య లోబడాలనే నమ్మే వేదాంతుల్లోనే కొందరు లేచి, మీరు నైసియా విశ్వాసాన్నే వదిలేస్తున్నారని గ్రూడెమ్ వర్గాన్ని నిలదీశారు. ఆ గొడవంతా చదువుతుంటే నాకొకటి స్పష్టమైంది. లోబడాలంటే రెండు ఇష్టాలుండాలి. నాకొకటి కావాలి, నీకొకటి కావాలి, నాది వదులుకుని నీది ఒప్పుకుంటాను. అదీ లోబడటమంటే. త్రిత్వంలో ముగ్గురిదీ ఒకే చిత్తం అన్నది చర్చి సంప్రదాయం. చిత్తం స్వభావానికి చెందుతుంది, వ్యక్తికి కాదని ఏడో శతాబ్దంలో గట్టిగా తేల్చుకున్నారు. గెత్సేమనే తోటలో నా ఇష్టం కాదు నీ ఇష్టం అన్న యేసు మాట, ఆయన మనిషిగా చేసిన ప్రార్థన. దేవుడి లోపల ఎప్పుడూ ఒకరు ఆజ్ఞాపించి ఒకరు తలొంచుతున్నారని చెప్పడానికి ఆ సంప్రదాయంలో చోటు లేదు. మా అయ్యగారు, పాపం, తెలియకుండానే ఏరియస్ వరండాలో కుర్చీ వేసుకున్నారు.

మరి అమ్మ ప్రశ్న? తండ్రి కొడుకుని కొట్టాడా? నిజానికి చాలామంది బోధకులు కొట్టాడనే చెబుతారు. మన పాపాలకి పడాల్సిన దెబ్బ కొడుకు మీద వేశాడంటారు. 1989లో జోవన్ కార్ల్‌సన్ బ్రౌన్, రెబెకా పార్కర్ అనే ఇద్దరు అమెరికన్ స్త్రీవాద వేదాంతులు, ఇలా చెప్పే సిలువ కథ బిడ్డని హింసించే తండ్రిని దేవుడిగా చూపిస్తుందని, దెబ్బలు తినే ఆడవాళ్ళకి ఇంకా ఓర్చుకోమని నేర్పుతుందని రాశారు. దానిమీద పెద్ద దుమారం లేచింది. అమ్మకి ఆ వ్యాసం సంగతి తెలీదు. వాళ్ళకన్నా పదేళ్ళ ముందే అడిగింది. వాళ్ళ కోపం నాకర్థమవుతుంది. కానీ తండ్రినీ కొడుకునీ విడదీసి, ఒకర్ని కొట్టేవాడిగా, ఒకర్ని దెబ్బలు తినేవాడిగా నిలబెడితేనే ఆ కథ అలా తయారవుతుంది. త్రిత్వాన్ని నిజంగా నమ్మితే సిలువ మీద ఉన్నది దేవుడే. కొట్టింది రోమన్ సైనికులు. ఈ జవాబు నాకు 1979లో తెలిసుంటే అమ్మకి చెప్పేదాన్ని.

సభల్లో ఆడవాళ్ళు లేరన్నాను. సభలకి వెళ్ళిన మగవాళ్ళ ఇళ్ళల్లో ఉన్నారు. ఇప్పటి టర్కీలోని కప్పదోకియా ప్రాంతంలో బాసిల్, నిస్సా గ్రెగరీ అనే అన్నదమ్ములు త్రిత్వ సిద్ధాంతానికి పునాదులు వేసినవాళ్ళు. వాళ్ళ అక్క మాక్రినా. తమ్ముడు గ్రెగరీ ఆమె జీవిత చరిత్ర రాశాడు. ఆమెని గురువనే పిలిచాడు. పెద్ద చదువులు చదివి గర్వంతో తిరిగొచ్చిన బాసిల్‌ని దారికి తెచ్చింది ఆమేనంటాడు. కాన్‌స్టాంటినోపుల్ సభకి రెండేళ్ళ ముందు, 379లో, ఆమె చనిపోయింది. ఆ జీవిత చరిత్రలో నన్ను కట్టిపడేసింది వేదాంతం కాదు. వాళ్ళది ఆస్తిపరుల కుటుంబం. ఇంటి నిండా బానిస స్త్రీలు. మాక్రినా వాళ్ళమ్మని ఒప్పించి, ఇంట్లో దొరసానితనం మాన్పించి, నిన్నటిదాకా సేవ చేసిన స్త్రీలతో సమానంగా, ఒకే బల్ల దగ్గర, ఒకే తిండి తింటూ బతికేలా చేసింది. తల్లి కోసం రొట్టెలు తన చేతులతో తనే చేసేది. తమ్ముళ్ళు దేవుడిలో ఎక్కువ తక్కువలు లేవని గ్రీకులో వాదిస్తుంటే, అక్క ఇంట్లో ఎక్కువ తక్కువలు తీసేస్తోంది. ఏది ముందో ఏది వెనకో నేను చెప్పలేను గానీ, వేదాంతం పుస్తకాల్లో తమ్ముళ్ళకే అధ్యాయాలుంటాయి. మన ఇళ్ళల్లో సహపంక్తి భోజనం ఎంత కష్టమో తెలిసినవాళ్ళకి మాక్రినా చేసింది ఎంత పెద్ద పనో తెలుస్తుంది.

లోబడమనే మాట త్రిత్వం విషయంలోనే విన్న ఇంకొక స్త్రీ మన దేశంలోనే ఉంది. పండిత రమాబాయి 1883లో ఇంగ్లండులోని వాంటేజ్‌లో బాప్తిస్మం తీసుకుంది. సంస్కృతం చదివిన బ్రాహ్మణ వితంతువు, బ్రహ్మసమాజం ప్రభావంలోంచి వచ్చిన మనిషి. ఒకే దేవుడన్నాక ముగ్గురేమిటి, ఈ మాట బైబిల్లో ఎక్కడుంది అని అక్కడి సన్యాసినుల్ని, ఛెల్ట్‌నమ్ కళాశాల ప్రిన్సిపాల్ డొరోతియా బీల్‌ని ఉత్తరాల్లో గుచ్చిగుచ్చి అడిగింది. ఆమెకి గురువులాంటి సిస్టర్ జెరాల్డిన్‌కి అది అహంకారంలా కనిపించింది. రమాబాయి జవాబు సారాంశం, మా దేశంలో పురోహితుల కాడి కిందనుంచి ఎంతో కష్టపడి బయటపడ్డాను, ఇంకో కాడి మెడకెత్తుకోను అని. ఆ ఉత్తరాలు 1977లో పుస్తకంగా వచ్చాయి. త్రిత్వం విషయంలో ఆమెతో నేను ఏకీభవించను. ఆ మాట బైబిల్లో లేదన్నది నిజమే. టెర్టులియన్ మూడో శతాబ్దపు తొలి రోజుల్లో లాటిన్‌లో వాడుకలోకి తెచ్చాడు. ఆడవాళ్ళని సైతాను వచ్చే వాకిలి అని రాసినవాడూ ఆయనే. కానీ బైబిల్లో లేని మాట కూడా బైబిలు చెప్పేదాన్ని పట్టి ఇవ్వొచ్చు. నాకు బాధ కలిగించేది వేరే సంగతి. ఎవరూ ఎవరి కిందా లేరని చెప్పే సిద్ధాంతాన్ని ఒప్పుకోమని, నోరుమూసుకుని ఒప్పుకోమన్నారు ఆమెని. తర్వాత ఆమె హీబ్రూ, గ్రీకు నేర్చుకుని బైబిలు మొత్తాన్ని మరాఠీలోకి తనే అనువదించింది.

అనువాదం అన్నాను కాబట్టి తెలుగు సంగతికొస్తాను. దేవుడి ఆత్మకి హీబ్రూలో 'రూఆఖ్' అనే మాట వాడారు. అది స్త్రీలింగం. ఆదికాండం రెండో వాక్యంలో నీళ్ళమీద అల్లాడిన ఆత్మకి వాడిన క్రియ కూడా స్త్రీలింగమే. ద్వితీయోపదేశకాండంలో గద్ద తన పిల్లల మీద రెక్కలాడించడానికీ అదే క్రియ. గ్రీకుకి వచ్చేసరికి ఆత్మ నపుంసకలింగం అయింది. లాటిన్‌లో పుంలింగం. దీన్ని గమనించిన జెరోమ్, దేవుడికి లింగం లేదని అర్థం చేసుకోమన్నాడు. సిరియక్ భాషలో సుమారు 400 దాకా ఆత్మ స్త్రీయే. నాలుగో శతాబ్దపు అఫ్రహాత్, పెళ్ళి చేసుకోనివాడికి దేవుడు తండ్రి, పరిశుద్ధాత్మ తల్లి అని రాశాడు. మన పక్కనే కేరళలోని సిరియన్ క్రైస్తవుల ఆరాధన భాష ఆ సిరియకే. తర్వాత అక్కడా వ్యాకరణాన్ని వంచి మరీ ఆత్మని పురుషుణ్ణి చేశారు.

మన వ్యాకరణం ఇంకా విచిత్రమైంది. చిన్నయసూరి బాలవ్యాకరణం (1858) ప్రకారం స్త్రీలు, పశుపక్ష్యాదులు, జడపదార్థాలు కానివన్నీ 'మహత్తులు'. అంటే మగవాళ్ళు, మగదేవుళ్ళు. ఆయన వచ్చాడు. ఆమె వచ్చింది, ఆవు వచ్చింది, బండి వచ్చింది. బళ్ళో ఈ పాఠం చదివినప్పుడు మాస్టారు నవ్వుతూ చెప్పారు, మేమూ నవ్వాం. పాత తెలుగు బైబిల్లో ఈ చిక్కు సగం కనపడదు. 'వచ్చెను' అంటే ఆయనకీ ఆమెకీ ఆవుకీ ఒకటే. మాట్లాడే భాషలోకి రాగానే ఏదో ఒకటి తేల్చుకోవాలి. పీఠం మీంచి ప్రసంగించే అయ్యగారు 'పరిశుద్ధాత్మ దేవుడు వచ్చాడు' అంటారు. కింద చాపమీద కూర్చుని కన్నీళ్ళతో ప్రార్థించే మా పల్లె ఆడవాళ్ళు 'ఆత్మ వచ్చింది', 'ఆత్మ దిగింది', 'ఆత్మ నాతో మాట్లాడింది' అంటారు. వాళ్ళు స్త్రీవాదం కోసం అలా అనడం లేదు. తెలుగు అలా పలికిస్తుంది, అంతే. కానీ విన్నప్పుడల్లా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

అయితే ఆత్మని స్త్రీని చేసేస్తే సరిపోతుందా? చాలామంది ఉత్సాహంగా అదే అంటారు. నాకు ఒప్పుదల కాదు. ఎలిజబెత్ జాన్సన్ 1992లో రాసిన పుస్తకంలో ఈ దారిలో ఉన్న గుంట చూపించింది. తండ్రీ కొడుకూ స్పష్టంగా ఇద్దరు మగవాళ్ళు, మూడోది రూపం తెలియని ఒక ఆడతనం. పైగా ఆత్మకి మనం ఇచ్చే పనులు చూడండి. ఓదార్చడం, దగ్గరుండి కనిపెట్టుకోవడం, తాను కనపడకుండా పక్కవాళ్ళని ముందుకు నెట్టడం! మా ఇంట్లో అమ్మ చేసినవీ అవే. అలా చేస్తే ఇద్దరు మగాళ్ళున్న ఇంటికి ఒక ఆడమనిషిని తెచ్చినట్టే. అందుకే జాన్సన్ ముగ్గురినీ జ్ఞానం అనే స్త్రీ రూపంతో పిలిచి చూసింది. కొన్ని సంఘాల్లో తండ్రీ కొడుకూ మాటలే వదిలేసి సృష్టికర్త, విమోచకుడు, పవిత్రపరచేవాడు అని బాప్తిస్మమిచ్చారు. ఆ బాప్తిస్మాలు చెల్లవని 2008లో వాటికన్ తీర్మానించింది. ఆడవాళ్ళ విషయంలో రోముతో నాకు వంద తగాదాలున్నాయి గానీ ఇక్కడ మాత్రం కాస్త వాళ్ళవైపే మొగ్గుతాను. అవి చేసే పనుల పేర్లు. ఒకరికొకరు ఏమవుతారో చెప్పవు. మనిషిని చేసే పనితోనే గుర్తించడం ఎలా ఉంటుందో ఆడవాళ్ళకి తెలియంది కాదు.

నాకు తెలుగు మీద కోపంతో పాటు ఆశ కూడా ఉంది. ఏకవచనంలో ఆవుతోనూ బండితోనూ కలిసి నడిచే ఆడది, బహువచనంలోకి రాగానే మారిపోతుంది. 'వాళ్ళు వచ్చారు'. అక్కడ మగా ఆడా లేదు. లెక్కపెట్టేటప్పుడూ అంతే. ఆవులైతే మూడు, ఆడవాళ్ళైతే ముగ్గురు. ఒంటరిగా మనిషి కాలేకపోయిన స్త్రీ, మరొకరితో కలిసేసరికి మన వ్యాకరణంలో మనిషవుతుంది. త్రిత్వం చెప్పేది కూడా దేవుడు ఒంటరి మొనగాడు కాడని. ఒక్కడే సింహాసనం మీద కూర్చుని కిందివాళ్ళని ఏలే దొర కాడని. దేవుడే ముగ్గురైనప్పుడు, ఆ ముగ్గురి గురించి తెలుగులో సూటిగా మాట్లాడాల్సిన తీరు 'వాళ్ళు' కదా! ఇలా అంటే బహుదేవతారాధన అని మా సంఘంలో గోల చేస్తారని తెలుసు. ఆదికాండం పద్దెనిమిదో అధ్యాయంలో అబ్రాహాము గుడారానికి వచ్చిన అతిథుల్ని ఒకసారి ఏకవచనంలో, ఒకసారి బహువచనంలో చెబుతారు. అక్కడెవరూ గోల చేయలేదు.

ఆ అతిథుల్నే త్రిత్వంగా బొమ్మ గీశాడు పదిహేనో శతాబ్దపు రష్యన్ చిత్రకారుడు ఆంద్రేయ్ రుబ్లేవ్. ముగ్గురూ ఒక బల్ల చుట్టూ కూర్చుంటారు. ముగ్గురివీ ఒకేలాంటి ముఖాలు. మగవాళ్ళో ఆడవాళ్ళో చెప్పలేం. ఎవరు తండ్రో ఎవరు కొడుకో పండితులు ఇప్పటికీ వాదించుకుంటారు. ఒకరి వైపు ఒకరు తలలు వంచి ఉంటారు. కింది అంచున, చూసేవాళ్ళ వైపు, బల్ల దగ్గర ఖాళీ ఉంటుంది.

కిందటేడు ఆ బొమ్మ ఫోనులో అమ్మకి చూపించాను. నాన్న పోయి ఇరవై ఏళ్ళయింది. అమ్మకి ఎనభై దాటాయి, చూపు మందగించింది. ఆ అధ్యాయం మాత్రం కంఠతా వచ్చు. కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు చూసి, "శారా ఏదే?" అంది. మూడు మానికల పిండి పిసికి రొట్టెలు చేసిన శారా, గుడారం లోపలినుంచి నవ్విన శారా. పాత బొమ్మల్లో ఉండేదమ్మా, రుబ్లేవ్ తీసేశాడు, ముగ్గురినే చూపించాలనుకున్నాడు అని చెప్పాను. "రొట్టెలు మాత్రం ఎక్కడినుంచొచ్చాయంట?" అంది. ఆ బల్ల మీద రొట్టెలు లేవని, ఒక గిన్నె మాత్రమే ఉందని చూపించాను.

ఆ రోజే, నువ్వు ప్రార్థనలో 'తండ్రీ' అనడం మానేస్తావా అని కూడా అడిగాను. ఆలోచించనైనా లేదు. "నేను మానను. మీ నాన్నలాంటోడు కాని తండ్రి నాకు ఆయనొక్కడే దొరికాడు. నువ్వు కావాలంటే అమ్మా అనుకో, నేనేం అడ్డం రాను" అంది. దీనికి నా దగ్గర జవాబు లేదు. మేరీ డేలీ 1973లోనే, తండ్రి అనే దేవుడు ఉన్నన్నాళ్ళూ ఇంట్లో తండ్రులే దేవుళ్ళుగా చలామణీ అవుతారని వాదించింది. చదివినప్పుడు నూటికి నూరుపాళ్ళు నిజమనిపించింది. మా అమ్మ విషయంలో మాత్రం తిరగబడింది. పైనున్న ఆ తండ్రిని చూపించే ఆమె ఇంట్లో ఉన్న మొగుణ్ణి, నువ్వు దేవుడివి కావు అని లోలోపలైనా అనగలిగింది. 1981లో మమ్మల్ని తీసుకుని పుట్టింటికి వచ్చేసినప్పుడు ఆమె సంచిలో ఉన్నవి రెండు చీరలూ, మా బట్టలూ, బైబిలూ. అయ్యగారు మళ్ళీ కబురంపారు. అమ్మ వెళ్ళలేదు.